కైవారంలో వెనిస్ వర్తకుడు

కర్ణాటక రాష్ట్రంలో చిక్కబళ్ళాపురం జిల్లా చింతామణి తాలూకాలో కైవారం అనే గ్రామం ఉంది. 2007లో జిల్లాలు వేరుపడక ముందు ఇది కోలారు జిల్లాలోని ఊరు. ఈ చుట్టుపక్కలా, దీనికి ఉత్తరంగా ఉన్న బాగేపల్లి తాలూకాలోనూ చాలా ఇళ్ళలో మాట్లాడుకునే భాష తెలుగు. అంగడిలో, బస్సులో, తాలూకా కచేరీలో వినిపించేది కన్నడం. బడిలో ఈ రెండింటికీ తోడు ఆంగ్లం కూడా ఉంటుంది. ఇలా మూడు భాషల నడుమ పెరిగే విద్యార్థికి ఉన్నత పాఠశాలకు వచ్చేసరికి మూడు భాషల ప్రాచీన సాహిత్యమూ ఇంచుమించు ఒకేసారి ఎదురవుతుంది. ఒక గంటలో నన్నయగారి పద్యం, మరొక గంటలో పంపకవి పద్యమో బసవన్నగారి వచనమో, ఇంకొక గంటలో షేక్స్పియర్ నాటకంలోని ఒక రంగం.

మొదటి రెండూ ఎంత కష్టంగా ఉన్నా అవి ఎక్కడివో విద్యార్థికి తెలుసు. అమ్మమ్మ చెప్పిన కథలోనో, గుడిలో విన్న పాటలోనో వాటి వాసన ఉంటుంది. మూడవది అలా కాదు. నాలుగు వందల ఏళ్ళ క్రితం ఒక చల్లని దీవిలో రాసిన నాటకం కైవారం కొండ కింద కూర్చున్న పిల్లలకు ఎందుకు పాఠమయింది? ఈ ప్రశ్న చదువంటే ఇష్టం లేనివాళ్ళు వేసే ప్రశ్న కాదు. దీనికి జవాబు తెలుసుకోవలసిందే. ఆ జవాబు సగం చరిత్రలో ఉంది, సగం ఆ పాఠంలోనే ఉంది.

ఆంగ్ల సాహిత్యం మన బడుల్లోకి యాదృచ్ఛికంగా రాలేదు. 1835 ఫిబ్రవరి 2వ తేదీన మెకాలే తన నివేదికను సమర్పించాడు. ప్రభుత్వం విద్యకోసం ఖర్చుపెట్టే ధనం సంస్కృత, అరబ్బీ విద్యలకు కాక ఆంగ్ల విద్యకు వెచ్చించాలని అందులో వాదించాడు. గవర్నరు జనరలు బెంటింక్ దానిని అంగీకరించాడు. 1854లో వచ్చిన వుడ్ తాఖీదు పాఠశాల మొదలు విశ్వవిద్యాలయం వరకు ఒక వరుసను ఏర్పరచింది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు వెలిశాయి. వాటి పరీక్షల్లో ఆంగ్ల కవులూ నాటకకర్తలూ చోటు చేసుకున్నారు.

ఇక్కడొక విచిత్రమైన సంగతి ఉంది. ఇంగ్లండులోని ఆక్స్ఫర్డు విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం ప్రత్యేక పట్టానికి తగిన విషయంగా గుర్తింపు పొందింది 1890లలో. కేంబ్రిడ్జిలో అది 1917లో జరిగింది. అప్పటిదాకా అక్కడి విద్యావంతులకు ప్రాచీన సాహిత్యమంటే గ్రీకు, లాటిన్ గ్రంథాలే. తమ సొంత భాషలోని నాటకాలు చదువుకోవడానికి గురువెందుకని వాళ్ళు అనుకున్నారు. మన దేశంలోని కళాశాలల్లో మాత్రం అంతకు ఎన్నో ఏళ్ళ ముందే విద్యార్థులు షేక్స్పియర్‌ను, మిల్టన్‌ను చదివి పరీక్షలు రాస్తున్నారు. దీనికి కారణాలు రెండు చెప్పవచ్చు. ప్రభుత్వ పాఠశాలల్లో క్రైస్తవ మతాన్ని బోధించరాదని పాలకులు నియమం పెట్టుకున్నారు. మతం చెప్పకుండా తమ నీతిని, తమ ఆలోచనా విధానాన్ని చెప్పడానికి సాహిత్యం వారికి అనుకూలంగా కనిపించింది. రెండవది కచేరీ ఉద్యోగం. ఆంగ్లం వచ్చినవాడికి కొలువు దొరికేది. కాబట్టి చెప్పేవారికి ఒక ప్రయోజనం, నేర్చేవారికి మరొక ప్రయోజనం ఉండేవి. ఈ రెంటిలో దేనికీ కవిత్వంతో సంబంధం లేదు.

మైసూరు సంస్థానం 1831 నుంచి 1881 వరకు ఆంగ్లేయ కమిషనర్ల పాలనలో ఉంది. 1858లో బెంగుళూరులో మొదలైన ప్రభుత్వ ఉన్నత పాఠశాలే తరువాత సెంట్రల్ కాలేజీ అయింది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడే వరకు ఇక్కడి విద్యార్థులు రాసినవి మద్రాసు పరీక్షలే. పరీక్షకు ఏ గ్రంథం పెడితే ఆ గ్రంథానికి నోట్సు పుట్టేది. మూలం చదవకుండా నోట్సు వల్లించి గట్టెక్కే విద్య కూడా ఆనాడే పుట్టింది. ఈనాటి గైడు దానికి మునిమనవడు.

అయితే ఇంతటితో కథ ముగిసి ఉంటే చెప్పుకోవలసింది ఏమీ ఉండదు. కొలువుకోసం చదివినవారిలో కొందరు ఆ గ్రంథాలను నిజంగా చదివారు. చదివి ఊరుకోక తమ భాషలో ఏదో చేయబోయారు. వావిలాల వాసుదేవశాస్త్రిగారు 1870లలో జూలియస్ సీజరు నాటకాన్ని తెలుగులోకి తెచ్చారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన నవలను ఆధారం చేసుకొని రాజశేఖర చరిత్రమును రచించారు. అది 1878లో వివేకవర్ధని పత్రికలో ప్రకటితమయింది. ఆ ఆంగ్ల నవల ఒక పల్లెటూరి మతగురువు కుటుంబానికి కలిగిన కష్టసుఖాల కథ. పంతులుగారు దానిని గోదావరి తీరానికి తెచ్చి, జ్యోతిషాలను, బంగారం చేసే మోసగాళ్ళను, పగటి వేషాల పెద్దమనుషులను అందులో ప్రవేశపెట్టారు. కొన్నేళ్ళకు హచిన్సన్ అనే ఆయన ఆ తెలుగు నవలను ఆంగ్లంలోకి అనువదించగా 1887లో లండనులో అచ్చయింది. ఇంగ్లండు నుంచి వచ్చిన బీజం తెలుగు నేలలో మొలిచి, తెలుగు చెట్టుగానే తిరిగి ఇంగ్లండు చేరిందన్నమాట.

ఈ చదువులోని హాస్యాన్ని కూడా మనవారు చూడకపోలేదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కంలో గిరీశం వెంకటేశానికి ఇంగ్లీషు చదువు చెబుతానని ఆశపెట్టి ఆ ఇంట చేరతాడు. అతని నోటినిండా ఆంగ్ల పదాలే. గురజాడవారు స్వయంగా ఆంగ్లంలో కవిత్వం చెప్పిన పండితులు. ఆంగ్లాన్ని బాగా చదివినవాడే, చదివినట్టు నటించేవాణ్ణి అంత చక్కగా పట్టుకోగలడు.

కైవారానికి దగ్గరగా ఉన్న ఉదాహరణలు కూడా ఉన్నాయి. కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదివి వచ్చి మైసూరు మహారాజా కళాశాలలో పనిచేశారు. అంతకు ముందే విద్యార్థి దశలో ఆయన ముసలమ్మ మరణము అనే కావ్యం రాశారు. చెరువు కట్ట తెగకుండా ఊరికోసం ప్రాణమిచ్చిన ఒక కోడలి కథ అది. ఆ చెరువు అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రంలో ఉంది. బాగేపల్లి దాటి ఉత్తరంగా వెళ్ళే బస్సులోనివారికి అదేమంత దూరం కాదు. ఆంగ్ల కావ్యాల్లోని విషాదాంత కథలు చదివిన యువకుడికి రాజుల కథ కాక ఒక పల్లెటూరి కోడలి కథ కావ్యానికి తగినదని తోచింది. అదే మహారాజా కళాశాలలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1912 నుంచి 1949 వరకు తెలుగు బోధించారు. వేమన మీద ఆయన చేసిన ఉపన్యాసాలు నేటికీ చదువుతున్నాం. కోలారు సీమలోనే ముళబాగిలులో పుట్టిన డి.వి. గుండప్పగారు మాక్బెత్ నాటకాన్ని, మాస్తి గ్రామానికి చెందిన మాస్తి వెంకటేశ అయ్యంగారుగారు లియర్ రాజు కథను కన్నడంలోకి తెచ్చారు. వీరిద్దరి ఇంటి భాష తమిళం, రాసిన భాష కన్నడం, చదివినది ఆంగ్లం. ఒకటి కంటే ఎక్కువ భాషల నడుమ పెరగడం సాహిత్యానికి అడ్డంకి అనుకునేవారు ఈ రెండు పేర్లను గుర్తుంచుకోవాలి.

ఇక పాఠం దగ్గరికి వద్దాం. పాత నాటకాన్ని చదవబోయే విద్యార్థిని ముందుగా ఆపేది భాష. తెలియని మాట ఎదురైతే ఎవరైనా నిఘంటువు చూస్తారు. తెలిసినట్టే కనిపించి అర్థం మారిన మాట దగ్గరే అసలు మోసం జరుగుతుంది. షేక్స్పియర్ కాలంలో 'ప్రెజెంట్లీ' అంటే తక్షణమే అని అర్థం. ఇప్పుడు కొద్దిసేపట్లో అని అర్థం. 'ఫాండ్' అంటే ఇప్పుడు ప్రీతిగల అని, అప్పుడు వెర్రి అని. 'నాటీ' అనే మాటను ఇప్పుడు అల్లరి పిల్లలమీద వాడతారు. ఆ కాలంలో అది దుర్మార్గానికి వాడిన మాట. ఇప్పటి అర్థం పెట్టుకొని చదివితే వాక్యం కుదిరినట్టే ఉంటుంది, భావం మాత్రం తప్పిపోతుంది.

ఈ సంగతి తెలుగు విద్యార్థికి కొత్తగా ఉండనక్కరలేదు. పాత తెలుగు కావ్యాల్లో 'కంపు' అంటే పరిమళం. నేటి తెలుగులో కంపు అంటే ముక్కు మూసుకోవాలి. పూవుల కంపు అని కవి రాస్తే హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న విద్యార్థి ఒక క్షణం ఆగి ఆలోచించాలి. చింతామణి విద్యార్థి ఆగనక్కరలేదు. ఎందుకంటే కన్నడంలో ఈనాటికీ కంపు అంటే సువాసనే. ఇంట్లో ఒక అర్థం, వీధిలో మరొక అర్థం వింటూ పెరిగినవాడికి మాట ఎలా జారుతుందో కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. 'చీర' కూడా అలాంటిదే. ఒకప్పుడు అది ఆడా మగా కట్టే ఏ వస్త్రానికైనా పేరు. 'ఛాందసుడు' అంటే వేదం చదివినవాడు. తరువాత కాలంలో అది పాతకాలపు పట్టుదల గలవాడికి పేరయింది. అన్నట్టు, 'కైవారం' అనే మాట కోసం తెలుగు నిఘంటువు తెరిస్తే స్తోత్రం అనే అర్థం కనిపిస్తుంది. రాజుల ముందు వందిమాగధులు చేసేది కైవారమే. ఊరి పేరుకూ దానికీ సంబంధం ఉన్నా లేకపోయినా, పాత కావ్యంలో ఆ మాట కనబడితే మన ఊరి ప్రస్తావన వచ్చిందని పొరబడకూడదు.

కన్నడ తరగతిలో కూడా ఇంటి తెలుగు ఇలాగే అక్కరకు వస్తుంది. తెలుగులో పాలు, పులి, పల్లు, పూవు అనే మాటలు నేటి కన్నడంలో హాలు, హులి, హల్లు, హూవు. కాని పదవ శతాబ్దిలో పంపకవి రాసిన కన్నడంలో ఇవి పకారంతోనే ఉన్నాయి. పకారం హకారంగా మారడం ఆ తరువాత జరిగింది. అందువల్ల హళగన్నడ పద్యంలో పులి కనబడినప్పుడు కన్నడం ఇంటి భాషగా ఉన్న పిల్లవాడి కంటే తెలుగింటి పిల్లవాడే ముందుగా దానిని గుర్తుపడతాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు కాబట్టి మిగతా రెండు భాషల్లో వెనుకబడతామని భయపడే పిల్లలకు ఉపాధ్యాయులు ఈ సంగతి తప్పక చెప్పాలి.

తరువాతి చిక్కు మాటల వరుస. 'ఆవు పులిని చూసింది' అన్నా, 'పులిని ఆవు చూసింది' అన్నా తెలుగులో చూసింది ఆవే. 'ని' అనే ప్రత్యయం ఎవరు ఎవరిని చూశారో చెప్పేస్తుంది. ఆంగ్లంలో అలాంటి విభక్తి ప్రత్యయాలు నామవాచకాలకు లేవు. మాట ఉన్న చోటే దాని విభక్తి. చోటు మారిస్తే పులి ఆవును చూసినట్టవుతుంది. కవులు మాత్రం ఛందస్సు కోసమో, ఒత్తి చెప్పడం కోసమో ఆ వరుసను తారుమారు చేస్తారు. అప్పుడు ఆంగ్ల విద్యార్థి తడబడతాడు. తెలుగు తరగతిలో పద్యం చెప్పుకునే పద్ధతి ఇక్కడ పనికివస్తుంది. ముందు పదవిభాగం, తరువాత అన్వయక్రమం, ప్రతిపదార్థం, చివరకు తాత్పర్యం. ఏ క్రియకు ఎవరు కర్త అని వెతికి, పద్యాన్ని వచనపు వరుసలోకి తెచ్చుకోవడమే అన్వయం. షేక్స్పియర్ వాక్యానికి కూడా ఇదే చేయవచ్చు. ఈ పని తెలుగు పండితుల వద్ద అలవాటైన పిల్లలు ఆంగ్ల తరగతిలో దానిని వాడుకోకపోవడం, చేతిలో తాళంచెవి పెట్టుకొని తలుపు ముందు నిలబడటం వంటిది.

అయితే తాత్పర్యం రాయడంతో పని పూర్తికాదు. జూలియస్ సీజరులో హత్య జరిగాక ఇద్దరు ప్రజలతో మాట్లాడతారు. బ్రూటస్ చంపినవారిలో ఒకడు, ఆంటొని చనిపోయినవాడి స్నేహితుడు. బ్రూటస్ వచనంలో మాట్లాడతాడు. ఆంటొని పద్యంలో మాట్లాడతాడు. గద్య పద్యాలు కలిసిన చంపూ పద్ధతి నన్నయ భారతం నుంచీ మనకు తెలిసినదే కనుక, ఒకే రంగంలో రెండూ ఎందుకున్నాయని అడగడం తెలుగు విద్యార్థికి సహజం. బ్రూటస్ కారణాలు చెబుతాడు. ఆంటొని ఏడుస్తాడు, ఆగుతాడు, చంపినవారు గౌరవనీయులని పదే పదే అంటాడు. మొదటిసారి అది పొగడ్తగానే వినిపిస్తుంది. నాలుగోసారికి అది నిందగా మారిపోతుంది. స్తుతిలా కనిపించే ఈ నిందను మన అలంకారశాస్త్రం వ్యాజస్తుతి అంటుంది. గైడులో ఆంటొని ప్రజలను రెచ్చగొట్టాడు అని ఒక వాక్యం ఉంటుంది. అది నిజమే. కాని ఎలా రెచ్చగొట్టాడో ఆ వాక్యం చెప్పదు. సభల్లో మాటలతో జనాన్ని తిప్పే విద్య ఈనాటికీ పోలేదు కనుక, ఆ 'ఎలా' తెలుసుకోవడం పరీక్ష తరువాత కూడా పనికివస్తుంది.

మరొక చిక్కు పరాయితనం. డాఫొడిల్ అనే పసుపుపచ్చ పూవు మీద వర్డ్స్‌వర్త్ రాసిన కవితను మన దేశంలో లక్షలమంది పిల్లలు ఆ పూవును ఎన్నడూ చూడకుండానే వల్లించారు. కైవారం చుట్టూ కొండల్లో తంగేడు పూస్తుంది. ఆ పసుపును మనసులో పెట్టుకొని చదివితే సగం పని జరుగుతుంది, తప్పేమీ లేదు. ఆ కవిత వెనుక సంగతి ఇంకా ఆసక్తికరమైనది. 1802 ఏప్రిల్ 15న ఒక సరస్సు ఒడ్డున ఆ పూలను చూసినప్పుడు కవి ఒంటరిగా లేడు, చెల్లెలు డొరొతీ వెంట ఉంది. ఆమె తన దినచర్య పుస్తకంలో ఆ పూలను వివరంగా వర్ణించింది. కవిత రెండేళ్ళ తరువాత రాసినది, 1807లో అచ్చయినది. అందులో చెల్లెలు లేదు, కవి ఒక్కడే తిరుగుతుంటాడు. ఇది అబద్ధమా? దినచర్య ఆ రోజును చెబుతుంది, కవిత ఆ రోజు మనసులో మిగిలిన తీరును చెబుతుంది. ఈ తేడా తెలిసినవాడు ఏ భాషలోని కవితనైనా ఇది నిజంగా జరిగిందా అని మాత్రమే అడిగి ఊరుకోడు.

పరాయితనం మాట వచ్చింది కనుక కైవారం సొంత కథను చూద్దాం. భారతంలోని ఏకచక్రపురం ఇదేనని ఈ ఊరివారి నమ్మకం. భీముడి పేరున వెలసిన శివాలయం ఇక్కడ ఉంది. పక్కనున్న కొండకు బకాసురుడి కథను ముడిపెట్టి చెబుతారు. దేశంలో మరికొన్ని ఊళ్ళు కూడా ఇదే కీర్తిని కోరుకుంటాయి. పశ్చిమ బెంగాలులోని బీర్భూమ్ జిల్లాలో ఏకచక్ర అనే ఊరే ఉంది. ఏది నిజమో తేల్చడం ఇక్కడి పని కాదు. ఒక గ్రంథం గొప్పదైతే ప్రతి ఊరూ దానిని తన పొలిమేరలోకి లాక్కుంటుంది.

నన్నయగారు తెనిగించిన ఆదిపర్వంలోనిదే ఈ బకవధ. ఊరివారికి రాక్షసుడితో ఒక ఒప్పందం ఉంది. వంతులవారీగా ఒక్కొక్క ఇంటివారు బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి చొప్పున పంపాలి. పాండవులు తలదాచుకున్న బ్రాహ్మణుడి ఇంటికి వంతు వస్తుంది. తండ్రి నేను వెళ్తానంటాడు. భార్య నేనంటుంది. కూతురు నేనంటుంది. మాటలు కూడా సరిగా రాని చిన్న కొడుకు ఒక పుల్ల పట్టుకొని దీనితో రాక్షసుణ్ణి చంపేస్తానంటాడు. అంత ఏడుపులోనూ వారికి నవ్వు వస్తుంది. ఆ తరువాతే కుంతి వచ్చి తన కొడుకును పంపుతానంటుంది. భీముడు వెళ్ళి, బండిలోని అన్నం తాను తినేసి, రాక్షసుణ్ణి చంపుతాడు.

ఇప్పుడు వెనిస్ వర్తకుడి కథ పక్కన పెట్టి చూడాలి. ఇటలీలోని వెనిస్ నగరంలో ఆంటోనియో అనే వర్తకుడు స్నేహితుడి కోసం షైలాక్ అనే వడ్డీ వ్యాపారి వద్ద మూడువేల బంగారు నాణేలు అప్పు తీసుకుంటాడు. గడువులోగా తీర్చకపోతే శరీరంలో ఒక పౌను మాంసం, అంటే అరకిలోకు కొంచెం తక్కువ, కోసి ఇవ్వాలని పత్రం రాస్తాడు. ఓడలు మునిగాయన్న వార్త వస్తుంది, గడువు దాటుతుంది, వ్యాజ్యం న్యాయసభకు వస్తుంది. పోర్షియా అనే యువతి మగవేషంలో న్యాయవాదిగా వచ్చి ముందు దయ చూపమని వేడుకుంటుంది. షైలాక్ ఒప్పుకోడు. అప్పుడామె పత్రంలో మాంసం అని ఉంది కాని రక్తం అని లేదు, ఒక్క చుక్క రక్తం కారకుండా కోసుకోమంటుంది.

రెండు కథల్లోనూ మనిషి మాంసం బాకీగా రాసిన ఒప్పందం ఉంది. రెండింట్లోనూ ఒకరి బాకీ తీర్చడానికి మరొకరు ముందుకు వస్తారు. ఒక కథలో ఒప్పందాన్ని బలం తెంచింది, మరొక కథలో ఆ ఒప్పందంలోని మాటే తెంచింది. ఏకచక్రపురంవారికి న్యాయసభ లేదు, రాజు అశక్తుడు. వెనిస్‌లో చట్టం ఉంది, ఆ చట్టమే మొదట మాంసం కోయవచ్చంటుంది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ భయంకరం అని తొమ్మిదవ తరగతిలో అడిగితే గంట కొట్టేదాకా వాదన ఆగదు.

అయితే ఈ పోలిక ఒక చోట ఆగాలి. బకుడు రాక్షసుడు, షైలాక్ మనిషి. అతడు యూదు మతస్థుడు. ఆ నగరంలో అతనివారు కొద్దిమంది. బజారులో తనమీద ఉమ్మినవారే అప్పుకోసం తన గుమ్మానికి వచ్చారని అతని ఫిర్యాదు. ఇంగ్లండులో 1290లో యూదులను దేశంనుంచి వెళ్ళగొట్టారు. 1656 ప్రాంతంలో గాని మళ్ళీ ఉండనివ్వలేదు. అంటే షేక్స్పియర్ నాటకం చూసిన ప్రేక్షకుల్లో చాలామంది యూదులను ఎరగరు. ఎరగనివారి గురించి కట్టుకథలు తొందరగా పుడతాయి. తరువాత చాలాకాలం నటులు షైలాక్‌ను నవ్వులపాలయ్యే దుష్టుడిగానే ఆడారు. 1814లో ఎడ్మండ్ కీన్ అనే నటుడు లండను రంగస్థలం మీద అతణ్ణి అవమానాలు భరించి భరించి రాయి అయిపోయిన మనిషిగా చూపాడు. నాటకంలో ఒక్క మాట మారలేదు. చదివే తీరు మారింది. ప్రాచీన గ్రంథం చదవడమంటే అందులో ఉన్నదంతా ఒప్పుకోవడం కాదని దీనివల్ల తెలుస్తుంది. భాషవల్లనో మతంవల్లనో ఒక ఊళ్ళో కొద్దిమందిగా ఉన్నవారి పిల్లలకు ఈ పాత్ర అర్థం కావడం కష్టం కాదు.

ఈ నాటకాలు చెవికోసం పుట్టినవి. కైవారంలో ఈ సంగతిని వివరించడం సులభం. ఇక్కడ తాతయ్య అని అందరూ పిలుచుకునే యోగి నారేయణ తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు, పద్యాలు చెప్పాడు. 1726 నుంచి 1836 వరకు జీవించాడని, మొదట ఊరూరా తిరిగి గాజులు అమ్మేవాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన తెలుగు రచనల్లో అమరనారేయణ శతకం, కాలజ్ఞానం ప్రసిద్ధాలు. ఆ పాటలు అక్షరాలు రాని వయసులోనే ఇక్కడి పిల్లల చెవిన పడతాయి. పుస్తకంలో చూసేది తరువాత. షేక్స్పియర్ నాటకాలదీ అదే వరుస. ఆయన 1616లో చనిపోయాడు. ఏడేళ్ళకు, 1623లో, తోటి నటులిద్దరు 36 నాటకాలను ఒక సంపుటంగా అచ్చు వేయించారు. అందులో సగం అంతకు ముందు అచ్చు మొహం చూడనివి. ఆ ఇద్దరు పూనుకోకపోతే జూలియస్ సీజరు, మాక్బెత్ మనదాకా వచ్చేవి కావేమో. తాటాకుల్లో చెదిరిన వేమన పద్యాలను సేకరించి 1829లో అచ్చు వేయించిన బ్రౌన్ దొరగారి పని కూడా ఇలాంటిదే.

కనుక ఆ రంగాన్ని బిగ్గరగా చదవాలి, పాత్రలు పంచుకొని చదవాలి. పోర్షియా పాత్రకు ఆడపిల్లే కావాలన్న నియమం లేదు. షేక్స్పియర్ కాలంలో ఆడ పాత్రలన్నీ అబ్బాయిలే వేసేవారు. తెలుగు రంగస్థలం మీద స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రలకు పేరు పొందారు. మన వీధి నాటకాల్లోనూ ఇది ఉన్నదే. అంటే మొదటిసారి ఆ నాటకం ఆడినప్పుడు, ఒక కుర్రవాడు యువతిగా వేషం వేసి, ఆ యువతి మగవాడిగా వేషం వేసిందన్నమాట.

చదివాక చర్చ తెలుగులో జరిగితే జరగనివ్వాలి. కొన్ని తరగతుల్లో ఆంగ్ల గంటలో తెలుగు మాట వినబడితే చిన్నతనంగా చూస్తారు. ఇది సరికాదు. ఆలోచన ముందు ఇంటి భాషలో పుట్టి, తరువాత ఆంగ్ల వాక్యంగా మారితే ఆ వాక్యం పిల్లవాడి సొంతం. గైడులోని ఆంగ్ల వాక్యం తప్పు లేకుండా రాసినా అది వాడిది కాదు. 1807లో చార్లెస్ లాంబ్, ఆయన అక్క మేరీ షేక్స్పియర్ నాటకాలను పిల్లలకోసం కథలుగా తిరిగి చెప్పారు. ఆంగ్లం ఇంటి భాషగా ఉన్న పిల్లలకే అంత చేయూత కావలసివచ్చింది.

అన్నిటికంటె మంచి అభ్యాసం అనువాదం. న్యాయసభ రంగంలో పది సంభాషణలు తెలుగు చేయబోతే మొదటి మాటలోనే చిక్కు వస్తుంది. పోర్షియా షైలాక్‌ను నువ్వు అనాలా, మీరు అనాలా? నేటి ఆంగ్లంలో ఈ భేదం లేదు కాని షేక్స్పియర్ ఆంగ్లంలో ఉంది. 'దౌ' అనేది చనువున్నవారితో, చిన్నవారితో, కోపంలోనూ వాడేది. 'యూ' మర్యాదకు వాడేది. దేవుణ్ణి మాత్రం వాళ్ళూ 'దౌ' అనే పిలిచారు, మనం నీవు అన్నట్టే. ఈ భేదాన్ని ఈనాటి లండను విద్యార్థికి పాఠంగా చెప్పాలి. చింతామణి విద్యార్థికి అది పుట్టుకతో తెలుసు. రంగంలో ఎక్కడ ఏది వాడారో గీత గీసుకుంటూ పోతే ఎవరికి ఎప్పుడు కోపం వచ్చిందో, ఎవరు ఎవరిని తక్కువ చేశారో బయటపడుతుంది.

తరువాత చిక్కు పిలుపు. సభలో షైలాక్‌ను పేరుతో పిలిచినదానికంటె యూదుడా అని పిలిచినదే ఎక్కువ. పేరున్న మనిషిని కులంతోనో మతంతోనో పిలిస్తే ఎలా ఉంటుందో తెలుగులో రాసేటప్పుడు తప్పించుకోలేం. అయ్యా అని మార్చితే వినడానికి బాగుంటుంది, అవమానం మాయమవుతుంది. ఉన్నదున్నట్టు రాస్తే చెవికి గుచ్చుకుంటుంది. గుచ్చుకోవడమే మూలంలో ఉన్నది. దయ గురించి అంత అందంగా మాట్లాడిన సభ చివరకు షైలాక్ ఆస్తిలో సగం అతని చేయి దాటిస్తుంది, అతణ్ణి మతం మార్చుకోమంటుంది. ఇది దయా, కాదా అన్నది అనువాదం చేసినవారు తమ మాటల్లోనే తేల్చుకోవాలి. షైలాక్ తనకు ఒంట్లో బాగాలేదని చెప్పి సభనుంచి వెళ్ళిపోతాడు. తరువాత అతడు రంగం మీదికి రాడు. దాని తరువాత ఇంకొక అంకం మొత్తం వెన్నెల్లో, సంగీతంతో, పరిహాసాలతో నడుస్తుంది. పాఠ్యపుస్తకంలో ఒక్క న్యాయసభ రంగమే ఉంటే ఆ చివరి అంకం కోసం గ్రంథాలయానికి వెళ్ళి పూర్తి నాటకం అడగాలి.